ఉద్యోగం చేస్తూ ఫీల్డ్‌వర్క్: ముందు హోదా పక్కన పెట్టండి

కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నోలోనో మరో దూరవిద్యలోనో ఎం.ఏ. సోషియాలజీ, ఎం.ఎస్.డబ్ల్యూ. చదివేవాళ్లు థియరీ పేపర్లు ఎలాగోలా గట్టెక్కిస్తారు. గుణాత్మక పరిశోధన దగ్గరే ఇబ్బంది పడతారు. ఇందులో లెక్కలు లేవు కదా, నలుగురిని కలిసి మాట్లాడితే చాలనుకుని బయల్దేరతారు. తీరా చూస్తే కలిసిన ప్రతి ఒక్కరూ ఒకే మాట చెప్పి ఉంటారు. చాలాసార్లు దానికి కారణం మీ ఉద్యోగమే. మిమ్మల్ని చూసి కాదు, మీ ఆఫీసును చూసి జవాబు చెప్పారు.

సచివాలయంలో పనిచేసే ఒకరు ఉప్పాడ వెళ్లి, సముద్రపు కోతకు ఇల్లు పోయిన కుటుంబాన్ని ‘ఎలా ఉంటున్నారమ్మా?’ అని అడిగారనుకుందాం. ‘స్థలం ఇప్పించండి సార్, మా పేరు కూడా రాసుకోండి’ అంటారు. అది అర్జీ. వాళ్ల కష్టం నిజమే. కానీ ఎవరి పంచన చేరారు, వలలు ఎక్కడ దాచుకున్నారు, పిల్లల్ని ఏ బంధువుల దగ్గర వదిలారు అన్నవి ఆ అర్జీలోకి రావు. మీకు కావలసింది అవే.

అందుకే మీ సంతకంతో పనులు జరిగే చోటును అంశంగా తీసుకోకండి. బ్యాంకు ఉద్యోగి తను అప్పులిచ్చే డ్వాక్రా సంఘాలను, టీచరు తన బడిపిల్లల తల్లిదండ్రులను వదిలేయడమే మేలు. దగ్గరైతే తెలుసు కదా, సులువు కదా అంటారు. తెలిసిన చోట కాళ్లు త్వరగా కదులుతాయి, నోళ్లు మాత్రం మూతపడతాయి. పక్క ఊరు, పక్క వృత్తి చూసుకోండి.

సమయం కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్ల మీద వెళ్లే మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ తీరిగ్గా మాట్లాడతారు. అయితే నిషేధకాలపు భృతి కోసం బోట్ల లెక్కలు తీసేది కూడా అప్పుడే. చేతిలో ప్యాడ్, పెన్ను పట్టుకుని వెళ్తే మిమ్మల్నీ లెక్కలవాళ్లలోనే కలిపేస్తారు. మొదటి రెండుసార్లు ఏమీ రాయకుండా కూర్చుని రండి.

ఉప్పాడ జాందానీ నేతగాళ్ల దగ్గర చిక్కు వేరు. బుటా బుటాకూ పోగును చేత్తో తిప్పే పని అది. నేసినదాన్ని బట్టే కూలి. మీరు గంటసేపు కూర్చోబెడితే ఆ గంట వాళ్ల సంపాదన పోయినట్టే. మగ్గం నడుస్తుండగానే మాట్లాడండి, ఫోన్‌ను మాత్రం చప్పుడుకు దూరంగా, మాట్లాడే మనిషికి దగ్గరగా పెట్టండి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోకపోతే ఇంటికొచ్చి విన్నప్పుడు మగ్గం పలక చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

అనుమతి కాగితం మీద వేలిముద్ర అడిగితే జనం జంకుతారు. వేలిముద్ర అంటే వాళ్లకు అప్పో, భూమి రాతో గుర్తొస్తుంది. మీ విభాగం ఒప్పుకుంటే ఆ కాగితం చదివి వినిపించి, ‘సరేనండి’ అన్న మాటను రికార్డు చేసుకోండి. పేర్లు అప్పుడే మార్చేయండి.

గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి నాలుగైదు గంటలు సులువుగా పడుతుంది. ఆఫీసు నుంచి ఏడింటికి ఇంటికొచ్చే మనిషి ముప్ఫై ఇంటర్వ్యూలు నెత్తిన పెట్టుకోకూడదు. ఘానా, నైజీరియాల్లో 60 మంది మహిళల ఇంటర్వ్యూలను పరిశీలించిన పరిశోధకులు గెస్ట్, బన్స్, జాన్సన్‌లు ముఖ్యమైన విషయాలు దాదాపుగా మొదటి 12లోనే తేలిపోయాయని 2006లో రాశారు. దాన్ని సూత్రంగా పట్టుకోకండి. ఒకే రకమైన మనుషులను ఒకే విషయం మీద అడిగినప్పుడే అది నిలుస్తుంది. యజమాని నేతగాళ్లను, కూలి నేతగాళ్లను కలిపి అడిగితే సరిపోదు. గైడ్‌తో మాట్లాడి అంశాన్నే కుదించుకోండి.

చూసింది ఆ రాత్రే రాయాలి. ఆదివారానికి వాయిదా వేస్తే మీ ఊహ కూడా అందులో కలిసిపోతుంది. వాళ్లు అన్నది వాళ్ల యాసలోనే రాసి, మీకు అనిపించింది పక్కన వేరే రంగు సిరాతో రాసుకోండి. రాసుకున్న మాటలను అంశాలవారీగా విడదీసే కోడింగ్‌కు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఎక్సెల్ షీటు చాలు. కావాలంటే ‘టాగెట్’ ఉచితంగా దొరుకుతుంది.

ఇక కాపీల సంగతి. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రాంపుర గ్రామంలో ఉండి చేసిన పని నుంచి ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు, 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకు కాలిపోయింది. మూడు కాపీలుండేవి, మూడూ ఆ ఒక్క చోటే ఉన్నాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి ‘ది రిమెంబర్డ్ విలేజ్’ రాసి 1976లో వెలువరించారు. మీ రికార్డింగులు ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, తాళం వేసిన డ్రైవ్ ఖాతాలో ఒకటి ఉంచుకోండి. పెన్‌డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటరుకు మాత్రం పెట్టకండి. మిమ్మల్ని నమ్మి చెప్పిన మాటలు అందులో ఉన్నాయి.