ఇసుక తిన్నెల్లో విమానం

కృష్ణా డెల్టాలో వరికోత యంత్రం చేను నడుమ మొరాయిస్తే, రైతు విడిభాగం కోసం విజయవాడ ఆటోనగర్‌కు బయలుదేరుతాడు. అది ఒక పూట పని. రైట్ సోదరులకు అటువంటి పయనమే పదిరోజులకు పైగా పట్టింది. వారి చేతిలో ఉన్నది సొంతంగా చేసుకొన్న విమానం.

విల్బర్, ఆర్విల్ రైట్‌లు అమెరికాలోని డేటన్ నగరంలో సైకిళ్ల దుకాణం నడిపేవారు. పనిముట్లు, నేర్పరియైన పనివాడు చార్లీ టేలర్ అక్కడే ఉన్నారు. ఎగరడానికి మాత్రం బలమైన గాలి, పడినా కాచుకొనే ఇసుక కావాలి. అందుకై వారు నార్త్ కరొలైనా తీరాన కిట్టీహాక్ గ్రామాన్ని ఎన్నుకొన్నారు. 1900లో అక్కడికి వెళ్లే దారిలో విల్బర్‌కు గ్లైడరు రెక్కలకు 18 అడుగుల దూలాలు దొరకలేదు. 16 అడుగుల పైన్ కర్రతో సరిపెట్టుకొని, ముందే కుట్టి తెచ్చిన వస్త్రాన్ని కత్తిరించి, ఆతిథ్యమిచ్చిన టేట్ గారింటి కుట్టుమిషనుపై తిరిగి కుట్టుకొన్నాడు. ప్రయోగాలు ముగిశాక ఆ ఇల్లాలు అదే గుడ్డతో తన కుమార్తెలకు గౌనులు కుట్టింది!

1903 సెప్టెంబరులో ఇంజను గల విమానాన్ని బిగించడానికి వారు అక్కడి కిల్ డెవిల్ హిల్స్‌లోని కొయ్యషెడ్డుకు చేరారు. డేటన్‌లో దానిని పూర్తిగా ఒకచోట కూర్చి చూడనేలేదు. నవంబరు 5న ఇంజను నడుపగా అది తడబడింది. ఆ కుదుపులకు ప్రొపెల్లర్ల ఇరుసులు చెడిపోయాయి. టేలర్ వాటిని డేటన్‌లో బాగుచేసి పంపాడు. అవి 20వ తేదీకి తిరిగివచ్చాయి. ఈసారి గొలుసు నడిచే పళ్లచక్రాలు వదులైపోసాగాయి. సైకిల్ టైర్లను రిమ్ములకు అతికించే బంకతో వాటిని బిగించారు. ఆ పట్టు సడలలేదు. సైకిళ్లవారికి కాక ఇంకెవరికి తట్టును ఆ ఉపాయం?

28న ఒక గొట్టపు ఇరుసులో బీట కనిపించింది. బంకకు లొంగే వ్యాధి కాదది. ఆర్విల్ స్వయంగా డేటన్ వెళ్లి, కుదుపును కాస్త ఓర్చుకొనే స్ప్రింగు ఉక్కు కడ్డీలతో కొత్త ఇరుసులు చేయించుకొని డిసెంబరు 11న మరలివచ్చాడు. ఆలోగా, ప్రభుత్వం 50,000 డాలర్లిచ్చిన లాంగ్లీ పండితుని విమానం డిసెంబరు 8న పోటోమాక్ నదిలో కూలింది.

14న విల్బర్ ప్రయత్నం మూడున్నర సెకన్లలో ముగిసి, విమానం దెబ్బతిన్నది. రెండు రోజులు మరమ్మతు సాగింది. 17వ తేదీన, నీటిగుంటలు గడ్డకట్టిన చలిలో, ఆర్విల్ 12 సెకన్లు ఎగిరి 120 అడుగులు సాగాడు. నాలుగవసారి విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు వెళ్లాడు. కొంతసేపటికే ఒక గాలివిసురు నేలపైనున్న విమానాన్ని తలక్రిందులు చేసింది. షెడ్డులో బాగయ్యే గాయం కాదది. ముక్కలను పెట్టెలకెత్తి డేటన్ పంపారు. ఆ విమానం మరల ఎగరలేదు.