ముందు నీళ్ల దారి చూడు

విజయవాడ,
మే 18.

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

పడకగదిలో ఏసీ కింద బకెట్ పెట్టుకుని పడుకుంటున్నామన్నావు. మెకానిక్ వచ్చి చూడకుండానే గ్యాస్ తగ్గిందని ఫోన్లోనే తేల్చేశాడన్నావు. డబ్బు ఇచ్చేముందు నువ్వే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో చెబితే వరస తప్పుతుందని ఉత్తరం రాస్తున్నాను.

ఏసీలో నీళ్లు పుట్టడం లోపం కాదు తల్లీ, అది దాని పనే. 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ ఏర్పాటుకు రూపం ఇచ్చింది బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం. గాలిలో చెమ్మ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. ఆ చెమ్మను అదుపు చేయడానికే అది పుట్టింది. చన్నీళ్ల చెంబుకు చెమట పట్టినట్టే, లోపలి యూనిట్‌లోని చల్లటి కాయిల్ మీద గదిలోని చెమ్మ నీరుగా మారుతుంది. ఆ నీరు కింది ట్రేలోకి జారి, డ్రైన్ పైపు గుండా బయటికి పోవాలి. మీ విశాఖ ఉక్కలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు పైగానే నీళ్లు తీయగలదు. అవి గోడ మీద కారుతున్నాయంటే మధ్యలో ఎక్కడో దారి తప్పాయన్నమాట.

మొదట బయట పైపు కొస చూడు. ఏసీ గంటసేపు నడిచినా అక్కడ చుక్క పడకుండా లోపల కారుతోందంటే పైపులో అడ్డు ఉన్నట్టే. దుమ్ము, తడి కలిసి లోపల పాకుడు పడుతుంది. చలికాలమంతా వాడని పైపులో పురుగులు గూడు కట్టడమూ మామూలే. పైపు కొస బకెట్ నీళ్లలో మునిగి ఉన్నా, మధ్యలో వంగి జారిపడినా, గాలి చిక్కుకుని నీళ్లు వెనక్కి తంతాయి. కొసను నీళ్ల పైకి తీసి ఉంచు.

తర్వాత ఏసీ ఆపి, ఎంసీబీ దించెయ్యి. స్విచ్ బోర్డు తడిసి ఉంటే దాని జోలికి వెళ్లకు, మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌ని పిలువు. అంతా పొడిగా ఉంటే, అల్లుడుగారిని స్టూలు పట్టుకోమని చెప్పి, ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తియ్యి. దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ గాలిని రానివ్వదు. గాలి ఆడక కాయిల్ మీద ఐసు కడుతుంది. ఏసీ ఆపగానే ఆ ఐసంతా ఒక్కసారి కరిగి, ట్రే నిండి పొర్లుతుంది. టార్చి వేసి చూడు. ఐసు కనిపిస్తే దానంతటదే కరగనివ్వు, చెంచాతోనో కత్తితోనో గోకావంటే కాయిల్ రేకులు వంగుతాయి, పైపుకు చిల్లు పడినా పడుతుంది. ఫిల్టర్లు మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టు. వేసవిలో రెండు వారాలకోసారి ఈ పని తప్పకూడదు.

ఐసు లేకపోతే కాయిల్ మీదుగా ట్రేలోకి ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పొయ్యి, పక్కనున్న వైర్ల మీద పడనివ్వకు. అవి బయట పైపులోంచి ధారగా వస్తే దారి బాగున్నట్టు. రాకపోతే బయటి కొస దగ్గర వాక్యూమ్ క్లీనర్‌తో లాగించాలి, అదీ తడి లాగే రకంతో మాత్రమే. యాసిడ్ పొయ్యకు, ట్రే, కాయిల్ రెండూ దెబ్బతింటాయి.

మీరు ఇల్లు మారి ఏసీ కొత్తగా బిగించుకున్నారు కాబట్టి ఇంకోటి కూడా అనుమానించాలి. యూనిట్ మీద రసమట్టం పెట్టించి చూడు. డ్రైన్ లేని వైపుకు ఒరిగి ఉంటే నీళ్లు అటే పొర్లుతాయి. పైపుకు గోడ లోపలినుంచి చివరిదాకా వాటం ఉండాలి. రాగి పైపుల మీది నల్లటి స్పాంజి తొడుగు చిరిగినా, అక్కడ చెమ్మ పట్టి గోడ వెంట కారుతుంది. దానికి కొత్త తొడుగు వేస్తే చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, శుభ్రమైన ఫిల్టర్లతో కూడా మళ్లీ ఐసు కట్టి, గది చల్లబడకపోతే అప్పుడు గ్యాస్ మాట నమ్మవచ్చు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే కారిందనే అర్థం. అందుకే కారేచోటు కనిపెట్టి మూయించి, పైపుల్లోని గాలినీ చెమ్మనూ వాక్యూమ్ పంపుతో లాగేసి, బయటి యూనిట్ లేబుల్ మీద ఉన్న బరువు ప్రకారం తూచి నింపమను. లీకు మూయకుండా నింపితే ఆ డబ్బు వృథా. ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో వాడే ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది, కనుక ఆ పని తెలిసినవాడే చెయ్యాలి. బయటి యూనిట్ కోసం బాల్కనీ దాటి సజ్జా మీదికి మీరెవ్వరూ దిగకండి.

మెకానిక్‌ని పిలవవద్దని నేను అనడం లేదు. ఏం చూశావో, నీళ్లు ఎక్కడ ఆగాయో చెప్పి పిలువు. అప్పుడతను కూడా అసలు లోపం దగ్గరికే వెళ్తాడు. ఈ ఆదివారమే చూసి, సంగతేమిటో నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ బాబాయి