స్కోరు కార్డు చూసే తీరు



ఒడిశాలోని బరంపురంలో ప్లస్ టూ సైన్సు చదివే పిల్లలున్న ఇళ్లకు వేసవిలో స్కోరు కార్డులు వరసగా వస్తాయి. జేఈఈ మెయిన్‌ది పర్సంటైల్ లెక్క. నీట్‌ది 720 మార్కుల లెక్క. ఊరి పక్కనే లౌడిగాంలో ఉన్న సైన్సు విద్యాసంస్థ ఐసర్‌లో చేరడానికి రాసే ఐఏటీది 240 మార్కుల లెక్క. చుట్టాలు మాత్రం మూడింటినీ నూటికి ఎంతో చేసేసి, కుర్రాడికి ఏది బాగా వచ్చిందో కాఫీ చల్లారేలోగా తేల్చేస్తారు. ఆ తీర్పును పట్టించుకోనక్కర్లేదు.

ఎక్కువమంది బోల్తా పడేది పర్సంటైల్ దగ్గర. 94 పర్సంటైల్ అంటే నూటికి 94 మార్కులు కాదు. ఆ షిఫ్టులో పరీక్ష రాసినవారిలో నూటికి 94 మంది ఆ విద్యార్థితో సమానంగానో, అంతకంటే తక్కువగానో తెచ్చుకున్నారని అర్థం. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు సుమారు 14 లక్షలు. అందులో నూటికి ఆరుగురంటే 84 వేల మంది ముందున్నట్టు. దేశంలోని ఎన్‌ఐటీలన్నీ కలిపినా సీట్లు 24 వేలకు అటూఇటూ.

పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, ఒక పూట పేపరు కఠినం, మరో పూటది తేలిక. అందుకే ఏ షిఫ్టు వాళ్లను ఆ షిఫ్టు వాళ్లతోనే పోలుస్తారు. వేరే పూట రాసిన స్నేహితురాలికి ఇరవై మార్కులు ఎక్కువొచ్చాయని ఏడవడం దండగ.

ఇంకో తిరకాసుంది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ పర్సంటైళ్లు మూడూ కూడి మూడుతో భాగిస్తే మొత్తం పర్సంటైల్ రాదు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో వరుస, మొత్తం మార్కులకు మళ్లీ వేరే వరుస. లెక్కల్లో ముందున్నవాళ్లలో చాలామంది కెమిస్ట్రీలో జారిపోతారు. అందుకే మూడింటిలోనూ నిలకడగా ఉన్న పిల్లకు మొత్తం పర్సంటైల్ ఆ సగటు కంటే పైనే రావచ్చు. అది అచ్చు తప్పు కాదు.

ఇక మన తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి. పదో తరగతి కాగానే పిల్లల్ని విశాఖలో ఇంటర్‌కు పంపేవారు మనలో చాలామందే. పంపేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారివి. ఆ సొంత రాష్ట్రాన్ని నిర్ణయించేది మాతృభాషా కాదు, తాతల ఊరూ కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే. బరంపురంలో ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా. విశాఖలో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెంలో. ర్యాంకు ఒకటే అయినా వరుస మారిపోతుంది. 1936 దాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇక్కడి ఖల్లికోట కాలేజీ కుర్రాళ్లు ఒకప్పుడు మద్రాసు యూనివర్సిటీ పరీక్షలు రాసేవారు. సరిహద్దుతో పాటు పరీక్షల లెక్కా మారడం ఈ ఊరికి కొత్తేమీ కాదు.

నీట్ సంగతి వేరు. అందరికీ ఒకే రోజు పరీక్ష కాబట్టి మార్కుల్ని నేరుగా పోల్చవచ్చు, అదీ ఆ ఏడాది వరకే. జనరల్ విభాగంలో అర్హతకు 2023లో 137 మార్కులు చాలాయి, 2024లో 162 కావలసి వచ్చాయి, 2025లో మళ్లీ 144కు దిగాయి. 150 మార్కుల పిల్ల ఒక ఏడాది గట్టెక్కింది, మరుసటి ఏడాది గట్టెక్కలేదు. అర్హత వచ్చినంత మాత్రాన మన ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సీటొచ్చినట్టూ కాదు. సీటును తేల్చేది ర్యాంకు. కాబట్టి అక్క మార్కులతో చెల్లి మార్కుల్ని పోల్చే అమ్మమ్మలకు ర్యాంకులే చూపించాలి.

ఐఏటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ, ఒక్కోదానికి 15 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. నీట్ చదివే పిల్లలు లెక్కల్ని వదిలేస్తారు, జేఈఈ వాళ్లు బయాలజీని. అలా వదిలితే 60 మార్కులు, అంటే పేపరులో పావు భాగం, ముందే పోయినట్టు. ఆ పదిహేనులో తేలికపాటివి ఐదు పట్టుకున్నా 20 మార్కులు. తెలియనివాటిని ఊహించి గీకకపోతే చాలు.

మనవరాలా, ఈ ఆదివారం నువ్వు పాత ఐఏటీ పేపరు మూడు గంటలు గడియారం పెట్టుకుని రాయి. మొత్తం ఒక్కటే వద్దు, నాలుగు సబ్జెక్టుల మార్కులూ విడివిడిగా రాసి వాట్సాప్‌లో పంపు. బయాలజీ కోసం ఇప్పటినుంచి కూర్చోవాలో వద్దో తాతయ్య అది చూసి చెబుతాడు.