బాటసారికి అన్నం పెడితే నేరమా? - అలబామా బిషప్పుల దావా నేర్పే పాఠం

 

జకాత్ ఎవరికి చెందుతుందో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా తెలియజేసింది. మనం జకాత్ తీసేటప్పుడు ఫకీర్లు, మిస్కీన్లు, అప్పులపాలైనవారు వెంటనే గుర్తుకొస్తారు. చివరి వర్గమైన ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి, మాత్రం అంతగా గుర్తుకు రాడు. ఊరుగాని ఊరిలో దిక్కు లేక నిలిచిపోయిన మనిషికి ఈ ధనంలో హక్కు ఉంది. మరి ఆ మనిషికి సాయం చేయడమే నేరమని ఒక ప్రభుత్వం శాసిస్తే ఏం చేయాలి? అమెరికాలోని అలబామా రాష్ట్రంలో క్రైస్తవ మతపెద్దలకు ఈ ప్రశ్న నిజంగానే ఎదురయింది.

చట్టం ఏం చెప్పింది?

2011 జూన్ 9న ఆ రాష్ట్ర గవర్నర్ రాబర్ట్ బెంట్లీ హెచ్.బి. 56 అనే చట్టంపై సంతకం చేశారు. సరైన కాగితాలు లేకుండా దేశంలో ఉంటున్నవారిని రాష్ట్రం నుంచి వెళ్ళగొట్టడమే దాని ఉద్దేశం. కాగితాలు లేవని తెలిసీ వారికి ఆశ్రయమిచ్చినా, ఇల్లు అద్దెకిచ్చినా, బండిలో ఎక్కించుకున్నా శిక్ష తప్పదు. బడిలో కొత్తగా చేరే పిల్లల పుట్టుక వివరాలు, వలస స్థితి కూడా బడివారే కనుక్కోవాలి.

అదే ఏడాది ఆగస్టు 1న నలుగురు బిషప్పులు ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. ఎపిస్కోపల్ బిషప్ హెన్రీ పార్స్లీ, మెథడిస్ట్ బిషప్ విలియం విల్లిమన్, కాథలిక్ ఆర్చిబిషప్ థామస్ రోడీ, కాథలిక్ బిషప్ రాబర్ట్ బేకర్. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగిని ఆసుపత్రికి చేర్చడం, ప్రార్థనకు వచ్చేవారిని బండిలో తీసుకురావడం, బాప్తిస్మం ఇవ్వడం - ఇవన్నీ తమ ధర్మవిధులని, వీటిని నేరం చేసే అధికారం ప్రభుత్వానికి లేదని వారి వాదన.

బడిలో ఏం జరిగింది?

సెప్టెంబరు 28న న్యాయమూర్తి షారన్ బ్లాక్‌బర్న్ ఆశ్రయం, రవాణా నేరమనే నిబంధనను తాత్కాలికంగా ఆపేశారు. అయితే బడి నిబంధనను ఆపలేదు. దాంతో కొద్ది రోజుల్లోనే లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లలు 2 వేల మందికి పైగా ఒకే రోజు బడి మానేశారు. ఆ బడులు ఎవరినీ బయటికి పంపలేదు. తల్లిదండ్రుల భయమే పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టింది.

పిల్లల మధ్య బతుకు గడుపుతున్న ఉపాధ్యాయులుగా మేము దీని గురించి ఎక్కువ ఆలోచించాము. చేరిక రోజున పిల్లవాడి పేరు, తండ్రి పేరు మేమూ అడుగుతాము. ఆ ప్రశ్న తన తండ్రిని పట్టిస్తుందేమోనని పిల్లవాడు భయపడిన రోజున, ఎంత మంచి పాఠం చెప్పినా వాడి చెవికెక్కదు.

అక్టోబరు 14న అప్పీలు కోర్టు బడి నిబంధనను ఆపింది, 2012 ఆగస్టులో అది చెల్లదని తేల్చింది. కాగితాలు లేవన్న కారణంతో పిల్లలకు ప్రభుత్వ బడి నిరాకరించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పి ఉంది.

మనం నేర్చుకోవలసినవి

మొదటిది, ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. ఆశ్రయ నిబంధన ఆగింది మతస్వేచ్ఛ వాదన మీద కాదు. ఫెడరల్ ప్రభుత్వం కూడా వేరుగా దావా వేసింది, వలస విషయాల్లో అధికారం తనదని వాదించింది. కోర్టు ఆ దావాలోనే నిబంధనను ఆపింది. అయినా బిషప్పుల పోరాటం వృథా కాలేదు. ఈ చట్టం తాకేది పరాయివారిని మాత్రమే కాదు, సాయం చేసే ప్రతి చేతినీ అని వారు ప్రజలకు తెలియజెప్పారు.

రెండవది, పాత తప్పు దిద్దుకోవచ్చు. 1963లో ఇదే అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవారి హక్కుల కోసం మార్టిన్ లూథర్ కింగ్ జైలుకు వెళితే, ఇది తగిన సమయం కాదని ఎనిమిది మంది మతపెద్దలు ప్రకటన ఇచ్చారు. వారిలో ఈ మూడు చర్చిల బిషప్పులూ ఉన్నారు. 48 ఏళ్ళ తర్వాత అవే చర్చిలు ఆలస్యం చేయకుండా కోర్టు మెట్లెక్కాయి.

మూడవది, ఈ ధర్మం మనకు కొత్తది కాదు. మక్కాలో హింస భరించలేక దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అనుచరులు అబిసీనియాకు హిజ్రత్ చేసినప్పుడు, వారిని అప్పగించమని ఖురైషులు కానుకలతో దూతలను పంపారు. క్రైస్తవ రాజైన నజాషీ జాఫర్ (రజియల్లాహు అన్హు) మాటలు విని, కానుకలు తిప్పి పంపాడు. మదీనా అన్సార్లు ముహాజిర్లకు తమ ఇళ్ళలోనే చోటిచ్చారు.

మన మాట

మన ఊళ్ళ నుంచి గల్ఫ్‌కు వెళ్ళి, వీసా గడువు తీరి 'ఖల్లివల్లి' అయినవారి కష్టం మన ఇళ్ళకు తెలుసు. అక్కడ ఎవరో ఒకరు వారికి ఒక పూట రొట్టె పెట్టబట్టే కొందరు క్షమాభిక్ష వచ్చేదాకా నిలిచారు. మన ఊరికి పని కోసం వచ్చిన పరాయి కూలీ కూడా ఏదో ఇంటి బిడ్డే. అందుకే దాతలకు మా విన్నపం: ఈ ఏడాది జకాత్ లెక్క వేసేటప్పుడు ఎనిమిదవ వర్గం దగ్గర ఒక్క క్షణం ఆగండి. బాటసారి వాటాను బాటసారికి చేర్చండి.

అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక. ఆమీన్.