కారుకీ ‘స్పెక్ షీట్’ చదవడం నేర్చుకుందాం: నందికొట్కూరు లెక్క

“అబ్బీ, ఫోన్లన్నీ చూసి చెప్తుంటావు గదా, ఈ కారు తీసుకోవచ్చునా చెప్పు” అని మా చిన్నాయన వాట్సాప్‌లో ఒక బ్రోచర్ పంపాడు. కాంపాక్ట్ ఎస్‌యూవీ, సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, ఆన్‌రోడ్ 10 లక్షలు. నేనూ ముందు ఫోన్ చూసినట్టే చూశా: డిస్‌ప్లే ఎంత, కెమెరాలు ఎన్ని? తర్వాత తెలిసింది, తప్పు పేజీ చదువుతున్నానని. ఆ లెక్క ఎలా వేశానో స్టెప్ బై స్టెప్ చెప్తా.

స్టెప్ 1: వాడకం రాసుకోండి

మా అవ్వను వారానికి రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నందికొట్కూరు నుంచి సుమారు 30 కిలోమీటర్లు, రానుపోను 60. ఏడాదికి 6 వేల కిలోమీటర్ల చిల్లర. చిన్నాయనకు కారుతో పని అంతే.

స్టెప్ 2: కిలోమీటరు ఖర్చు తీయండి

2 లక్షలు డౌన్ పేమెంట్, 8 లక్షలు లోన్, 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకుందాం. ఈఎంఐ 16,607 రూపాయలు. మొత్తం వడ్డీయే దాదాపు 1.96 లక్షలు. ఐదేళ్లకు అమ్మితే 5 లక్షలు వస్తాయనుకుంటే, ధరలో పోయింది 5 లక్షలు. రెండో ఏడాది నుంచి ఇన్సూరెన్స్ ఏటా 25 వేలు, సర్వీసు, టైర్లకు ఏటా 10 వేలు వేశా. అంతా కలిపి 8.46 లక్షలు, అంటే ఏడాదికి 1.69 లక్షలు.

దీన్ని 6 వేలతో భాగిస్తే కిలోమీటరుకు 28 రూపాయలు. పెట్రోల్ లీటరు 110, మైలేజీ 15 అనుకుంటే ఇంకో 7 రూపాయల పైన. మొత్తం 35 దాటింది! అదే కారు రోజూ కర్నూలుకు ఉద్యోగానికి పోయి వచ్చి ఏడాదికి 15 వేలు తిరిగితే 19 లోపే పడుతుంది. కారు అదే, ధర అదే. మారింది వాడకం ఒక్కటే.

ఇంకో చిక్కు ఉంది. ఈఎంఐ నెలనెలా వస్తుంది. మొక్కజొన్న, మిరప డబ్బు నెలనెలా రాదు. ఒక్క పంట దెబ్బతింటే కంతులు కట్టడానికి బయట అప్పు చేయాలి. ఆ వడ్డీ బ్రోచర్‌లో ఉండదు. కంతు తగ్గుతుందని 7 ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ 12,871కి దిగుతుంది కానీ, వడ్డీ 2.81 లక్షలకు ఎక్కుతుంది.

స్టెప్ 3: ట్యాక్స్ గీత ఎక్కడుందో చూడండి

మన పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడి సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. 4 మీటర్లకు సరిగ్గా 5 మిల్లీమీటర్లు తక్కువ. ఇది యాదృచ్ఛికం కాదు. 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ లోపు ఉంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. డీజిల్‌కి ఆ హద్దు 1,500 సీసీ. దాటితే 40 శాతం. ఫోన్‌లో ర్యామ్ చూసినట్టు, కారులో ముందు పొడవు, సీసీ చూడండి.

స్టెప్ 4: ఫీచర్లను ఎండలో పరీక్షించండి

మే నెలలో కర్నూలు వైపు 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో సన్‌రూఫ్ తెరిచేదెవరు? దానికంటే వెనక సీటుకు ఏసీ వెంట్ మేలు. పెద్ద స్క్రీన్ సంగతీ అంతే: ఫోన్ మూడేళ్లకు మారుస్తాం, కారు స్క్రీన్‌లోని చిప్ పదేళ్లయినా అదే. ఆండ్రాయిడ్ ఆటో పనిచేసే మామూలు స్క్రీన్ చాలు, మిగతాది మీ ఫోనే చూసుకుంటుంది. ఏసీకి గుండ్రటి నాబ్‌లు ఉంటే రోడ్డు మీద నుంచి చూపు తిప్పక్కర్లేదు. ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, భారత్ ఎన్‌క్యాప్ స్టార్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

చివరి పరీక్ష ఏ రివ్యూలోనూ కనపడదు. అవ్వను షోరూమ్‌కి తీసుకుపోయాం. ఎస్‌యూవీ ఎక్కడానికి కాలు పైకి లేపలేకపోయింది. పక్కనున్న పొడుగు హ్యాచ్‌బ్యాక్‌లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుంది. “ఇది మన మంచం ఎత్తే ఉంది” అంది.

ఆ కారు ఆన్‌రోడ్ 6 లక్షలు. 2 లక్షలు కట్టి, 4 లక్షలు లోన్ తీసుకుంటే అదే 9 శాతానికి ఐదేళ్లకు ఈఎంఐ 8,303. సగానికి సగం. మూడేళ్ల తర్వాత ఎంతకు అమ్ముడుపోతుందని చిన్నాయన అడిగాడు. పంట పోయిన ఏడాది కూడా కంతు కట్టగలవా అని నేను అడిగా. కాసేపు లెక్క వేసుకొని, “దీనికైతే కట్టగలను” అన్నాడు. దాన్నే బుక్ చేశాం.

మీ ఇంట్లో కారు మాట వస్తే బ్రోచర్ పక్కన పెట్టి, ముందు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ఒక కాగితం మీద రాయండి. మిగతా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.