భుజమునకు తగిలిన దెబ్బ – సంకేతములలో దాని వ్రాత

మానవ శరీరమునందలి కీళ్ళన్నింటిలోను మిక్కిలి స్వేచ్ఛగా కదలునది భుజసంధి. ఆ స్వేచ్ఛకు మూల్యమా అన్నట్లు, పెద్ద కీళ్ళలో అన్నింటికంటె తరచుగా తొలగునదియు అదియే. మన గోదావరి పల్లెలలో దీనిని "గూడ జారినది" అందురు. ఉర్దూ మాటలాడు ఇండ్లలో "కంధా ఉతర్ గయా" అందురు. ఆసుపత్రి చీటీపై వైద్యుడు అదే సంగతిని ఆంగ్లమున వ్రాయును. ఆ చీటీ ఒక మెడికల్ కోడర్ బల్లమీదికి చేరినప్పుడు అది "ఎస్ 43.0" అగును. ఒకే దెబ్బకు నాలుగు భాషలు. వీనిలో నాల్గవదానిని గూర్చి, అనగా వైద్య సంకేతీకరణమును గూర్చి, భుజమునే ఉదాహరణముగా గైకొని ఈ వ్యాసమున కొంత తెలుపదలచితిమి.

ఈ విషయము మన విద్యార్థులకు దూరమైనది కాదు. రామచంద్రపురము, మండపేట, అమలాపురము ప్రాంతములలో జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము, ఫార్మసీ చదివి పట్టము పుచ్చుకొన్నవారు హైదరాబాదు చేరి, అమీర్‌పేటలో శిక్షణ పొంది ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. వారి చేతికి వచ్చు కేసులలో చాలవరకు అమెరికా దేశపు రోగులవి. అక్కడి రోగి మెట్లపై పడెనా, మంచుపై జారెనా, నిచ్చెనపైనుండి పడెనా అను భేదమును వారు నిముషములో గుర్తింపగలరు. డబ్ల్యూ 14 అను సంకేతమును పరీక్షకొరకు కంఠస్థము చేసినవారుకూడ ఉన్నారు. దాని అర్థము "చెట్టుపైనుండి పడుట". ఆ అంకె ఎవరికన్న ముందు వర్తించునో ఆ మనిషి మన కొబ్బరితోటలలోనే ఉన్నాడు. అతని కేసుషీటుపై ఆ సంగతి వ్రాయబడుచున్నదా, వ్రాయబడనిచో ఏమగును అన్నదే మా ప్రశ్న.

ముందుగా కొంచెము పూర్వచరిత్ర. గాయములను తరగతులుగా విభజించుట పాశ్చాత్యులు కనిపెట్టినది కాదు. సుశ్రుతుడు కీలు తొలగుటను సంధిముక్తమనియు, ఎముక విరుగుటను కాండభగ్నమనియు పేర్కొని, మొదటిదానిని ఆరు విధములుగను రెండవదానిని పన్నెండు విధములుగను విభజించెను. అరబ్బు శస్త్రవైద్యుడు అల్-జహ్రావీ తన "అల్-తస్రీఫ్" గ్రంథపు ముప్పదియవ భాగమున ఎముకల విరుగుళ్ళను, కీళ్ళ తొలగుటలను వేర్వేరుగా వివరించెను. ఈ విభజనలు చికిత్సకొరకు ఏర్పడినవి. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టియాఁ మరణకారణముల పట్టికను ప్రకటించినది లెక్కకొరకు. ఆ పట్టికయే పెరిగి పెరిగి నేటి అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణమైనది. దాని పదవ కూర్పును ప్రపంచ ఆరోగ్యసభ 1990లో ఆమోదించినది. అమెరికా వైద్యసంఘము 1966లో తొలిసారి ప్రచురించిన చికిత్సా సంకేతముల గ్రంథము, వాడుకలో సి.పి.టి. అనబడునది, నేడు ప్రధానముగా చెల్లింపుకొరకు ఉపయోగపడుచున్నది. చికిత్స, లెక్క, చెల్లింపు – ఈ మూడు ప్రయోజనములు వేర్వేరు. ఒక్క కేసుషీటు మూడింటికిని ఆధారము కావలసివచ్చుటచేతనే చిక్కులన్నియు పుట్టుచున్నవి.

ఇక భుజనిర్మాణము. ఇందు మూడు ఎముకలు కలియును. మెడ క్రింద అడ్డముగా చేతికి తగులునది జత్రుక. ఉర్దూలో దీనిని హన్స్‌లీ అందురు, మెడలో ధరించు కడియమునకును ఆ పేరే. వీపువైపున ఉండునది రెక్క ఎముక. మూడవది భుజాస్థి. రెక్క ఎముకపై నున్న లోతులేని గుంటలో భుజాస్థి గుండ్రని తల నిలిచియుండును. పాఠశాల ఆటలపోటీలలో చెంచాపై నిమ్మకాయ నుంచుకొని పరుగెత్తుట అందరును చూచినదే. భుజసంధి ఇంచుమించు అట్టిది. నిమ్మకాయ జారకుండ చుట్టును పట్టియుంచునవి నాలుగు కండరముల స్నాయువులు. వీనిని కలిపి రొటేటర్ కఫ్ అందురు. గుంట అంచునకు మెత్తని వలయమొకటి కలదు. కీలునకు దిగువగా ఆక్సిలరీ నాడి చుట్టి పోవును.

వర్గీకరణపు పదవ కూర్పులో ఎస్ 40 నుండి ఎస్ 49 వరకు గల స్థానము భుజమునకును పైచేతికిని కేటాయింపబడినది. జత్రుక విరిగిన ఎస్ 42.0, రెక్క ఎముక విరిగిన ఎస్ 42.1, భుజాస్థి పైకొన విరిగిన ఎస్ 42.2. భుజసంధి తొలగిన ఎస్ 43.0, జత్రుక కొన రెక్క ఎముకనుండి విడివడిన ఎస్ 43.1. నాడి దెబ్బతిన్న ఎస్ 44.3. రొటేటర్ కఫ్ స్నాయువునకు గాయమైన ఎస్ 46.0. అమెరికాలో 2015 అక్టోబరునుండి వాడుకలోనున్న విస్తృతరూపమున దీనికి కుడియెడమల భేదము, తొలగిన దిశ, చికిత్సాదశ కూడ చేరును. కుడిభుజాస్థి ముందువైపునకు తొలగి చికిత్స జరుగుచున్నయెడల ఎస్ 43.014 ఎ అని వ్రాయుదురు. చివరి "ఎ" అక్షరమును క్రొత్తగా నేర్చువారు "మొదటి రాక" అని భ్రమింతురు. అది సరికాదు. గాయమునకు క్రియాశీలమైన చికిత్స జరుగునంతవరకు "ఎ" యే. మానుదలలోనున్నప్పుడు "డి", గాయము మానిన పిదప మిగిలిన అవశేషమునకు "ఎస్".

ఇప్పుడొక కేసును ఊహింతము. ద్రాక్షారామ పరిసరములలో కొబ్బరి దింపు కార్మికుడొకడు తడిసిన చెట్టునుండి జారి, చాచిన కుడిచేతిపై పడినాడనుకొందము. భుజము గుండ్రదనము పోయి చదునైనది. చేయి కదలదు. బంధువులు మొదట నాటువైద్యుని యొద్దకు కొనిపోయిరి. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువా డుండడు. అట్టి కట్టు కట్టువారిపై మాకు చులకనభావము లేదు, విరిగిన ఎముకలు వారి చేతిలో అతికిన సందర్భములు లేకపోలేదు. అయితే కీలు తొలగినచో సంగతి వేరు. హిపోక్రటీసు కాలమునాడే చంకలో మడమ ఆనించి చేతిని లాగు పద్ధతి ఉన్నది. 1870లో కోకర్ అను శస్త్రవైద్యుడు మరియొక పద్ధతిని తెలిపెను. ఇవి వెంటనే చేసినప్పుడే ఫలించును. మూడు వారములు గడచినచో కణజాలము బిగిసి, చేతితో సరిచేయుట కష్టము, అపాయకరము; శస్త్రచికిత్స అవసరము కావచ్చును. మన కార్మికుడు మూడు వారముల తరువాతనే రామచంద్రపురము ఆసుపత్రికి, అచ్చటినుండి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి చేరెననుకొందము.

కేసుషీటుపై "పడుట, కుడిభుజమునకు గాయము" అని మాత్రమే వ్రాసినచో సంకేతకర్త చేయగలిగిన దేమి? ఎస్ 49.9, అనగా భుజమునకు నిర్దేశింపని గాయము. డబ్ల్యూ 19, అనగా నిర్దేశింపని పతనము. ఎక్స్-రే చిత్రము ఎదుట నున్నను, దానిని చదివి రోగనిర్ణయము చేయు అధికారము అతనికి లేదు. చెట్టు లేదు, తోట లేదు, కూలి లేదు, ఆలస్యము లేదు. అదే వైద్యుడు మరి రెండు పంక్తులు వ్రాసి, "కొబ్బరిచెట్టు ఎక్కి కాయలు దింపు పనిలో తోటలో పడెను, కుడిభుజసంధి ముందుకు తొలగినది, మూడు వారములైనది, నాడీస్పర్శ పరీక్షింపబడినది" అన్నచో ఎస్ 43.0, డబ్ల్యూ 14 రెండును నిలుచును. అంతర్జాతీయ కూర్పులో డబ్ల్యూ 14 వెనుక 7 చేర్చిన వ్యవసాయక్షేత్రమని అర్థము. సంపాదనకొరకు చేయు పనిలో నుండగా జరిగినదని తెలుపుటకు 2 అను వేరొక అంకె కలదు. ఒక జిల్లాలో ఏటా ఎందరు చెట్లనుండి పడుచున్నారో తెలియుటకు ఆసుపత్రి పత్రములలో ఇంతకంటె వేరు మార్గము లేదు.

నాడీస్పర్శ మాటకు కారణమున్నది. ఆక్సిలరీ నాడి దెబ్బతిన్నచో భుజము వెలుపలి చర్మమున స్పర్శ తగ్గును. సరిచేయుటకు ముందు దానిని పరీక్షించి వ్రాయనిచో, పిదప కనుపించిన బలహీనత పడుటవలన వచ్చినదో చికిత్సవలన వచ్చినదో ఎవ్వరును తేల్చలేరు. వ్రాత రోగిని మాత్రమే కాదు, వైద్యునికూడ కాపాడును. బయటి రోగుల వరుస వరండా దాటి నిలిచిన దినమున వైద్యునికి రెండు పంక్తుల వ్యవధి దొరకుట కష్టమని మేమెరుగుదుము.

దీనికంటె సూక్ష్మమైనది బరువులు మోయువారి విషయము. రైసుమిల్లులలో 75 కిలోల బస్తాలు ఎత్తిన జట్టు కూలీకి ఏబదియవయేట చేయి పైకి లేవకపోయినది. ఎం.ఆర్.ఐ. చిత్రమున రొటేటర్ కఫ్ చినుగు కనుపించినది. ఇది ఎస్ 46.0 యా, ఎం 75.1 యా? మొదటిది గాయముల అధ్యాయమునకు, రెండవది కండరములు కీళ్ళ వ్యాధుల అధ్యాయమునకు చెందును. దెబ్బవలన కలిగినదని వైద్యుడు తెలుపని చినుగు రెండవదానిలోనికే పోవును. అంకెలోని ఈ అక్షరభేదము చిన్నది కాదు. ప్రమాదబీమా ప్రమాదమునకే చెల్లించును, వ్యాధికి కాదు. 1923లో వచ్చిన శ్రామికుల నష్టపరిహార చట్టము అమలులో నున్నంతకాలము అందును పనిలో, పనివలన జరిగిన ప్రమాదమే ప్రధాన నిబంధనగా నుండెను. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టు ఎక్కువారికొరకు ఏర్పరచిన కేర సురక్ష పథకముకూడ ప్రమాదబీమాయే. సంకేతమే హక్కును తేల్చునని మేమనము. కాని దరఖాస్తును పరిశీలించు గుమాస్తా మొదట చూచునది కాగితమునే.

అట్లని జాలిపడి సంకేతకర్త "ఎం" ను "ఎస్" గా మార్చవచ్చునా? మార్చరాదు. అది అబద్ధ మగును, బయటపడినచో ఆ కూలీకే కీడు. ఫలానా దినమున బస్తా జారి, భుజమున చిటుక్కుమన్నదనియు నాటినుండి చేయి లేవలేదనియు రోగి చెప్పినచో, దానిని వైద్యుడు వ్రాయవలెను. వ్రాయనిచో సంకేతకర్త వైద్యునికి ప్రశ్నాపత్రము పంపి అడుగవలెను. అమెరికా కేసులలో ఈ అడుగుట నిత్యకృత్యము. మన పిల్లలు ఆ పనిలో ఆరితేరినవారే. ఇచ్చటి చిన్న ఆసుపత్రులలో అట్లడుగు ఉద్యోగియే అరుదు.

శస్త్రచికిత్సలకు వత్తుము. సి.పి.టి. గ్రంథమున తొలగిన భుజమును మత్తు లేకుండ చేతితో సరిచేసిన 23650, మత్తు అవసరమైన 23655. రొటేటర్ కఫ్‌ను కోసి తెరచి కుట్టినచో, చినుగు క్రొత్తదైన 23410, పాతదైన 23412. ఆర్థ్రోస్కోపు అను సన్నని దర్శిని ద్వారా కుట్టినచో క్రొత్తపాతల భేదము లేక 29827. గుంట అంచు వలయము ఊడిన లోపమును 1923లో ఆంగ్ల శస్త్రవైద్యుడు బ్యాంకార్ట్ వివరించెను. ఆయన పేరిట నడచు మరమ్మతు తెరచి చేసిన 23455, దర్శినితో చేసిన 29806 క్రిందికి వచ్చును. భుజాస్థి పైకొన విరుగుడును ప్లేటు, మరలతో బిగించిన 23615. కృత్రిమ తలను అమర్చిన 23616. 1985లో ఫ్రాన్సు దేశపు గ్రామోఁ రూపొందించిన తలక్రిందుల కృత్రిమకీలును, అనగా బంతిని గుంటవైపునకు, గుంటను బంతివైపునకు మార్చినదానిని, సంపూర్ణ కీలుమార్పిడి సంకేతమైన 23472 తోనే వ్రాయుదురు. ఒకే ఆపరేషనులో చేసిన పనులన్నిటికి విడివిడిగా డబ్బు కోరరాదు. అంసకూటము క్రింది ఎముకను గీకు 29826 ను 2012 నుండి ఒంటరిగా వాడరాదు. మరియొక ప్రధాన చికిత్సకు అనుబంధముగానే వాడవలెను. ఆపరేషను నివేదికలో "మామూలు పద్ధతిలో చేయబడినది" అని వ్రాసిన వైద్యుడు తన శ్రమను తానే తుడిచివేసికొన్నట్లు.

మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై, ప్రభుత్వములు మారినకొలది పేర్లు మారి, 2024 నుండి మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవగా పిలువబడుచున్న పథకమునకును తన సంకేతముల పట్టిక కలదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర రోగి వివరములు నమోదు చేయును. ముందస్తు అనుమతికి ఎక్స్-రేలు పంపుదురు. ఇచ్చట ప్యాకేజీ ధరను నిర్ణయించునది చికిత్స. ఎట్లు పడెనన్నది ధరను మార్చదు. కనుక ఆ వివరము అడుగంటుట సహజము. పేదవానికి ఉచితముగా ఆపరేషను జరిగిన మేలును మేము తక్కువ చేయము. కాని చెల్లింపుకొరకు సిద్ధమైన పత్రము లెక్కకు పనికిరాకపోవుట ఇట్లే జరుగును.

పదునొకండవ కూర్పును ప్రపంచ ఆరోగ్యసభ 2019 మే నెలలో ఆమోదింపగా 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. ఇందు గాయము, కుడియెడమలు, పడిన విధము, చోటు, చేయుచున్న పని – వీని సంకేతములను ఒకే గొలుసుగా కూర్చి వ్రాయు వీలున్నది. కాగితముపై నుండి కంప్యూటరులోనికి ఆ గొలుసు ఎక్కుటకు కావలసినది కేసుషీటులోని ఆ రెండు పంక్తులే.