సైకిలు యాత్రలో చివరివాడు

మన సంఘములలోని యౌవనస్థులు సెలవు దినములలో జట్టుగా సైకిళ్ళపై యాత్రలకు వెళ్ళుచున్నారు. ఆరోగ్యమునకు మంచిది, ఖర్చు తక్కువ, సంతోషమే. అయితే ఒక యాత్ర కొరకు వ్రాసిన చీటీలో "గేరు సైకిళ్ళు గలవారు మాత్రమే" అనియు, దాని క్రింద రెండు కంపెనీల పేర్లును ఉండడము చూచి ఈ పాఠము వ్రాయవలెనని తోచింది. ఆ చీటీ ఎవరిదో చెప్పము.

ఆ జబ్బు మాకు కూడ ఉండేది. ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజులలో, నలభై ఏళ్ళ క్రిందట, మా హాస్టలులో హెర్క్యులిస్ వారు ఒక జట్టు, బి.ఎస్.ఎ. వారు ఒక జట్టు. ఏది గట్టిది, ఏది తేలిక అని రాత్రి దీపము ఆర్పేదాక వాదమే. ఆ రెండును అంబత్తూరులోని టి.ఐ. సైకిల్స్ వారివేనని చాలా కాలమునకు గాని మాకు తెలియలేదు. ఇంగ్లాండులో రాలీ కూడ 1960లో టి.ఐ. సంస్థలోనే కలిసిపోయింది. ఒకే ఇంటి బిడ్డల పేర్లు పట్టుకొని పోట్లాడుకున్నామన్న మాట.

ఒక శనివారము బరంపురము నుండి గోపాలపూరుకు బయలుదేరాము. దూరము పదహారు కిలోమీటర్లకు అటూ ఇటూ. మేము నలుగురము కంపెనీ సైకిళ్ళవారము. ఐదవవాడు పాత సామాను ఏరి షాపులో కట్టించుకున్న బండితో వచ్చాడు. దానికి ముందు బిళ్ళ లేదు. "నీ బండి పేరేమిటిరా?" అని దారి పొడవునా ఎగతాళి చేశాము. మధ్యాహ్నము సముద్రపు గాలి ఎదురు వచ్చింది. అతని గొలుసు రెండుసార్లు ఊడింది. మొదటిసారి ఆగాము, రెండవసారి ఆగలేదు. మేము సముద్రము చూచి, తిని, తిరుగు దారి పట్టిన తరువాత సగము దూరములో అతడు బండిని నడిపించుకొంటూ ఎదురయ్యాడు. చేతులు నల్లగా ఉన్నాయి. ఏమీ అనలేదు. తరువాత ఎన్నడును మాతో రాలేదు. ఎందుకు రావడము లేదని మేము అడగలేదు.

పాఠము చెప్పేవారము గనుక ఇక్కడ గాలి సంగతి కొంచెము వివరించాలి. సైకిలువాని బలము ఎక్కువగా గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడు గాలిని అడ్డుకుంటే వెనుక చక్రమునకు దగ్గరగా వచ్చేవానికి శ్రమ బాగా తగ్గుతుంది. జట్టు నుండి జారిపోయినవానికి ఆ నీడ ఉండదు. అంటే బలహీనుడైనవాడే మొత్తము గాలిని ఒంటరిగా మోస్తాడు. వదిలివేయబడినవాడు మరింత ఆలస్యమగుట ఇందువలననే. అతని సోమరితనము కాదు.

ఇది మన ఊళ్ళ సంగతి మాత్రమే కాదు. అమెరికాలో 1880లో న్యూపోర్టు పట్టణమందు సైకిలువారి లీగు ఒకటి ఏర్పడింది. కొలంబియా సైకిళ్ళ అధిపతి ఆల్బర్ట్ పోప్ వద్ద పనిచేసిన న్యాయవాది చార్లెస్ ప్రాట్ దానికి మొదటి అధ్యక్షుడు. మంచి రోడ్లు కావాలని ఆ లీగు చేసిన పని మెచ్చుకోదగినదే. కాని 1894లో లూయీవిల్ సభలో, తెల్లవారు మాత్రమే సభ్యులు కావచ్చునని నియమములో ఒక మాట చేర్చారు. బోస్టనులో కిట్టీ నాక్స్ అనే కుట్టుపని చేసుకొనే యువతి ఉండేది. ఆమె తండ్రి నల్లవాడు, తల్లి తెల్లది. 1895లో ఆమె, తానే కుట్టుకొన్న దుస్తులతో, ఆస్‌బరీ పార్కులో లీగు కూడికకు వచ్చింది. కొందరు అభ్యంతరము చెప్పారు. ఆమె 1893లోనే చేరినది గనుక సభ్యత్వము చెల్లింది. ఆమె వెనుక రావలసినవారికి మాత్రము తలుపు మూసే ఉంది. ఆ లీగువారు ఆ నియమమును బహిరంగముగా త్రోసివేసినది 1999లో! (ఆ కాలపు నల్లజాతి ప్రపంచ విజేత మేజర్ టేలర్ బాప్తిస్టు సంఘ సభ్యుడు, ఎన్నో ఏళ్ళు ఆదివారము పోటీలకు రానన్నవాడు. అతని సంగతి మరియొకసారి.)

అయితే అందరికి ఒకే మార్కు ఉండడము ఎప్పుడును తప్పేనా? కాదు. 1897లో అమెరికా సైన్యపు 25వ పటాలములోని 20 మంది నల్లజాతి సిపాయిలు మిసౌలా నుండి సెయింట్ లూయిస్ వరకు సుమారు 1,900 మైళ్ళు 41 దినములలో వెళ్ళారు. అందరివి స్పాల్డింగ్ కంపెనీ సైకిళ్ళే. ఒకని బండి విరిగితే మరియొకని సామాను సరిపోతుంది. అక్కడ మార్కు జట్టును కలిపి ఉంచడానికి పనికి వచ్చింది. మన పాత హీరో, అట్లాస్, హెర్క్యులిస్ బండ్లకు 28 అంగుళాల టైరు ఒకటే గనుక ఎవరి ట్యూబు ఎవరికైనా సరిపోయేది. నేటి బండ్లలో చక్రపు కొలతలు, వాల్వులు వేరు వేరు. కాబట్టి చీటీలో కంపెనీ పేరు వ్రాయడము కంటె, ఎవరి ట్యూబు ఏ కొలతో అడిగి వ్రాసుకొంటే ఉపయోగము.

యౌవనస్థుల కూటములలో ఈ పాఠము చెప్పేవారు రెండు ప్రశ్నలు అడగవచ్చు. మన తరువాతి యాత్రలో నడక వేగము ఎవరి బండిని బట్టి నిర్ణయిస్తాము? పంపు, పానా, పంచరు సామాను పట్టుకొని అందరి కంటె వెనుక వచ్చే పని ఎవరు తీసుకొంటారు? మా అనుభవములో ఆ పని జట్టులో అందరి కంటె బలమైనవానికి ఇవ్వాలి. పేరు వ్రాసుకొన్న తరువాతనే బయలుదేరాలి.